షట్‌డౌన్ రాజ్యాంగంలో లేదు, 1980లో ఒక లాయరు రాసిన సలహాలో ఉంది

అమెరికాలో ప్రభుత్వం మూతపడిందని వార్త రాగానే మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మొదటి ప్రశ్న, వీసా స్టాంపింగ్ ఆగుతుందా అని. మామూలుగా ఆగదు. కాన్సులేట్లయినా, ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ అయినా చాలావరకు మనం కట్టే ఫీజుల మీదే నడుస్తాయి. ఆగేది వేరే ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు, అంత పెద్ద ప్రభుత్వానికి తాళం ఎందుకు పడుతుంది, ఈ అలవాటు ఎప్పటి నుంచి మొదలైంది అన్నది చూడాలి, ఎందుకంటే చాలామంది ఇది రాజ్యాంగంలోనే ఉన్న ఏర్పాటు అనుకుంటారు.

రాజ్యాంగంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: చట్టం చేసి కేటాయిస్తే తప్ప ఖజానా నుంచి డబ్బు తీయకూడదు. కేటాయింపు ఆలస్యమైతే ఆఫీసులు మూసెయ్యాలని అందులో లేదు. 1789 నుంచి 1980 దాకా ఆ కారణంతో ఎవరూ ఆఫీసులకు తాళం వెయ్యలేదు కూడా.

19వ శతాబ్దంలో గొడవ వేరు. శాఖలు ఏడాదికిచ్చిన డబ్బు కొన్ని నెలల్లోనే ఊడ్చేసి, కాంట్రాక్టుల మీద సంతకాలు కూడా పెట్టేసి, మాటిచ్చేశాం ఇక మీరే కట్టాలి అని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ముందుకొచ్చి నిలబడేవి. కాంగ్రెస్‌కు కట్టక తప్పేది కాదు. దీనికి విరుగుడుగా 1870లో ఒక చట్టం చేశారు, 1884లో దాన్ని ఇంకా బిగించారు. ఇవ్వని డబ్బు ఖర్చు పెట్టకూడదు, ఉద్యోగుల చేత ఉచితంగా పని చేయించుకోకూడదు (ఉచితం అని చేసి తర్వాత బాకీ అడుగుతారని భయం), మనుషుల ప్రాణానికో ఆస్తికో ప్రమాదం ఉంటే మాత్రం మినహాయింపు. ఇదే యాంటీడెఫిషియెన్సీ చట్టం. దుబారా చేసే అధికారులను అదుపులో పెట్టడానికి పుట్టిన చట్టం ఇది, ఆఫీసులు మూయించడం దాన్ని రాసినవాళ్ల ఆలోచనలోనే లేదు.

ఆ తర్వాత అధ్యక్షుడిగా నిక్సన్ వచ్చాడు. కాంగ్రెస్ ఇచ్చిన డబ్బును తనకు నచ్చని పథకాల మీద ఖర్చు పెట్టనని మొండికేశాడు. దానికి జవాబుగా 1974లో కాంగ్రెస్ కొత్త బడ్జెట్ చట్టం తెచ్చి, పనిలో పనిగా ఆర్థిక సంవత్సరాన్ని జూలై 1 నుంచి అక్టోబర్ 1కి జరిపింది. లెక్కలు చూసుకోవడానికి ఇంకో మూడు నెలలు దొరుకుతాయని ఆశ. ఆ మూడు నెలలూ సరిపోలేదు. కొత్త పద్ధతి మొదలయ్యాక అన్ని కేటాయింపు బిల్లులూ గడువులోపు పాసైంది నాలుగే నాలుగు ఏళ్లు, అందులో చివరిది 1997 ఆర్థిక సంవత్సరం. మిగతా అన్నేళ్లూ, పాత లెక్క ప్రకారమే కొన్నాళ్లు నడపండి అని తాత్కాలిక బిల్లులతో నెట్టుకొస్తున్నారు.

1976 నుంచి 1979 మధ్యలో ఆరుసార్లు ఆ తాత్కాలిక బిల్లు కూడా సమయానికి అందలేదు. పేదల వైద్య పథకం డబ్బుతో అబార్షన్లు చేయించవచ్చా లేదా అని 1977లో ప్రతినిధుల సభ, సెనేట్ నెలల తరబడి కొట్టుకున్నాయి, రెండూ డెమోక్రాట్ల చేతిలోనే ఉండి కూడా! 1978లో అయితే 17 రోజులు గ్యాప్. అప్పుడు ఏమైంది? పెద్దగా ఏమీ కాలేదు. ప్రయాణాలు, కొత్త కాంట్రాక్టులు ఆపుకుని, డబ్బు ఎలాగూ వస్తుందిలే అనుకుంటూ అందరూ ఆఫీసుకొచ్చి పని చేశారు. కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే సంస్థ కూడా, చట్టం అక్షరం ప్రకారం ఇది తప్పే గానీ ఆఫీసులు మూయాలన్నది కాంగ్రెస్ ఉద్దేశం కాదు అంది.

ఈ మాట ప్రభుత్వానికి పెద్ద లాయరైన అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టికి రుచించలేదు. 1980 ఏప్రిల్ 25న అధ్యక్షుడు కార్టర్‌కు ఇచ్చిన సలహాలో ఆయన చెప్పింది సూటిగా ఉంది. చట్టం ఏం రాసిందో అదే అర్థం, డబ్బు అయిపోతే పని ఆపాలి, ఆపని అధికారి మీద కేసు పెట్టొచ్చు. వారం తిరక్కుండానే, మే 1న, వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక రోజు మూతపడింది. ఆ ఒక్క రోజుకే దాదాపు 7 లక్షల డాలర్లు వృథా అయినట్టు లెక్క తేలింది. ఇలా అయితే జైళ్లు, విమానాల సంగతేంటని ప్రశ్నలు రావడంతో, 1981 జనవరిలో ఆయనే ఇంకో సలహా రాసి ప్రాణ, ఆస్తి రక్షణ పనులు నడపొచ్చని వెసులుబాటు ఇచ్చాడు. జీతం లేకుండా డ్యూటీ చేసేవాళ్లు, జీతం లేకుండా ఇంట్లో కూర్చునేవాళ్లు అన్న విభజన అక్కడి నుంచే వచ్చింది. కొన్ని దశాబ్దాల తర్వాత సివిలెట్టి స్వయంగా అన్నాడు, ఇన్నేసి రోజులు సాగుతాయని, రాజకీయ ఎత్తుగడగా వాడుకుంటారని తాను ఊహించలేదని. లాయరుగా చూస్తే ఆయన చదివింది తప్పని అనలేం. కానీ గడువు దాటినా ఏమీ జరగదన్న ధీమా పోయింది, ఇక ఆ గడువు బేరానికి పనికొచ్చే వస్తువైంది.

రీగన్, సీనియర్ బుష్ కాలాల్లో ఒకటి నుంచి మూడు రోజుల మూసివేతలు వచ్చాయి పోయాయి. దాన్ని నిజంగా ఆయుధంగా వాడింది 1995లో ప్రతినిధుల సభ స్పీకర్, రిపబ్లికన్ న్యూట్ గింగ్రిచ్. మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) ఖర్చు తగ్గించాలి, బడ్జెట్ సమం చేయాలి అని అధ్యక్షుడు క్లింటన్ మీద ఒత్తిడి తెచ్చి, నవంబర్‌లో 5 రోజులు, డిసెంబర్ నుంచి జనవరి దాకా 21 రోజులు మూయించాడు. మధ్యలో ఒక ఉదయం విలేకరుల ముందు నోరు జారాడు. ఇజ్రాయెల్ ప్రధాని రబిన్ అంత్యక్రియలకు వెళ్లి వస్తుంటే అధ్యక్షుడి విమానంలో తనతో ఎవరూ మాట్లాడలేదని, వెనక తలుపు నుంచి దింపారని, తన పట్టుదలకు అదీ ఒక కారణమని! న్యూయార్క్ డైలీ న్యూస్ మర్నాడు మొదటి పేజీలో ఆయన్ని డైపర్ కట్టుకుని ఏడ్చే పసివాడిగా బొమ్మ వేసింది. జనం తప్పు రిపబ్లికన్లదే అన్నారు, క్లింటన్ 1996లో మళ్లీ గెలిచాడు.

దీంతో బుద్ధి రావాలి. రాలేదు. 2013లో ఒబామాకేర్ (ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం) ఆపాలని రిపబ్లికన్లు 16 రోజులు మూయించారు, ఆపలేకపోయారు. 2018 డిసెంబర్‌లో మెక్సికో సరిహద్దు గోడకు 570 కోట్ల డాలర్లు కావాలని ట్రంప్ 35 రోజులు మూయించాడు, ఆ డబ్బు దక్కలేదు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు సెలవులు పెట్టి న్యూయార్క్ లగార్డియా విమానాశ్రయానికి విమానాలు ఆగిన రోజే రాజీ కుదిరింది. 2025లో పాత్రలు మారాయి, ఆరోగ్య బీమా సబ్సిడీలు పొడిగించాలని పట్టుబట్టింది డెమోక్రాట్లు. 43 రోజులు, అప్పటిదాకా అదే రికార్డు. వాళ్లు అడిగింది కూడా ఆ బిల్లులో రాలేదు.

మన దగ్గర, బ్రిటన్‌లో డబ్బు బిల్లు ఓడితే ప్రభుత్వమే పడిపోతుంది, కాబట్టి అంత దూరం రానివ్వరు. అమెరికాలో అధ్యక్షుడికి నాలుగేళ్లు ఖాయం, సెనేటర్‌కు ఆరేళ్లు ఖాయం, పైగా సెనేట్‌లో బిల్లు కదలాలంటే మామూలుగా 60 ఓట్లు కావాలి. పడిపోయేవాడు లేడు, ఆఫీసులే పడిపోతాయి. కాంగ్రెస్ సభ్యుల జీతాలు మాత్రం ఆగవు, వాటికి ఏటా బిల్లు అక్కర్లేదు మరి.

ఇక మన వాళ్లకు తగిలేది కార్మిక శాఖ దగ్గర. హెచ్-1బీ వెయ్యాలన్నా, కంపెనీ మారాలన్నా ముందు, జీతం, పని షరతుల మీద కంపెనీ ఇచ్చే హామీని ఆ శాఖ ఆమోదించి ఎల్‌సీఏ ఇవ్వాలి, గ్రీన్ కార్డుకు పెర్మ్ (ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదన్న ధ్రువీకరణ) కూడా వాళ్లదే, ఆ పని ఏటా వచ్చే కేటాయింపు మీద నడుస్తుంది. 2013లో ఆగింది, 2025 అక్టోబర్‌లో ఆగింది. మధ్యలో 35 రోజుల షట్‌డౌన్‌లో ఆగలేదు, ఎందుకంటే ఆ ఏడాది కార్మిక శాఖ బిల్లు ముందే పాసైంది. కాబట్టి షట్‌డౌన్ అనగానే టెన్షన్ పడేముందు ఏ శాఖ బిల్లు పాసైంది, ఏది కాలేదు అన్నది చూసుకోవాలి. 2025 నవంబర్ 12న ట్రంప్ సంతకం పెట్టిన బిల్లు వ్యవసాయం లాంటి కొన్నింటికే ఏడాది డబ్బు ఇచ్చింది, కార్మిక శాఖతో సహా మిగతావాటికి 2026 జనవరి 30 దాకానే.