పీత పట్టు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ బడి కంపోస్టు గుంతలో ఎవరో పాత బ్యాటరీ సెల్లు పడవేశారనీ, ఆకులనూ తొక్కలనూ ఎరువుగా మార్చే సూక్ష్మజీవులు దానిని కూడా తినివేస్తాయా అనీ అడిగారు. తినలేవు. ఆకు చివికి చాలావరకు గాలిలో కలిసిపోతుంది గాని, సెల్లు తొడుగులోని జింకు గాని, పాత రంగుల పెచ్చులతో వచ్చి చేరే సీసం గాని రవ్వంత కూడా తగ్గవు. కుప్ప కుదించుకుపోయిన కొద్దీ గుప్పెడు ఎరువులో వాటి పాలు పెరుగుతుంది. అయితే అవి అక్కడ విడిగా తిరగవు.

మీ వయసులో మేము గోదావరి కాలువ పక్క పొలాల్లో, గట్ల బొరియల్లో చేయి పెట్టి పీతలు పట్టేవాళ్లం. ఒకనాడు ఒక పీత పటకారు వంటి ముందు కాళ్లతో నా చూపుడు వేలిని పట్టుకుని, లాగిన కొద్దీ బిగించింది. మా అమ్మమ్మ తిడుతూనే వచ్చి నా చేతిని కాలువలో ముంచగా, అది తనంత తానే వదిలి పోయింది. మాగిన ఎరువులోని హ్యూమిక్ ఆమ్లాలనే నల్లటి పదార్థాలు అటువంటి పీతలే. చింతపండు పులుపులో ఉండే కార్బాక్సిల్ అనే పరమాణు సమూహాలు వాటికి ఒళ్లంతా కాళ్లై, లోహపు అయానును, అంటే విద్యుదావేశం గల లోహ పరమాణువును, రెండు వైపుల నుండి ఒడిసి పట్టుకుంటాయి. దీనిని కీలేషన్ అంటారు. ఆ మాటకు మూలం పీత పటకారు కాలిని తెలిపే గ్రీకు పదమే కనుక, నా పోలిక మరీ వెర్రిది కాదు.

ఈ పీతలు రాగినీ సీసాన్నీ గట్టిగానూ, జింకునూ కాడ్మియాన్నీ కొంత వదులుగానూ పట్టుకుంటాయి. నేల పుల్లబడితే హైడ్రోజన్ అయాన్లు వచ్చి ఆ కాళ్లను ఆక్రమించగా లోహం జారిపోతుంది. నీళ్లకు వదిలిన నా పీతకూ, పులుపుకు వదిలే వీటికీ తేడా అదే. ఇక ఫల్విక్ ఆమ్లాలనే పిల్ల పీతలు నీటిలో కరిగి, పట్టుకున్న లోహంతో సహా కొట్టుకుపోతాయి. నా వేలు కూడా ఆ పీతతో పాటు ఈదుకుపోయి ఉంటే ఈ ఉత్తరం వ్రాయగలిగేవాడిని కాను!

వరికి కావలసిన జింకును కొట్టుకుపోనీయకుండా నిలిపి, వేళ్లకు కొద్దికొద్దిగా అందించేదీ ఈ పట్టే. కాని దానిని నమ్మి చెత్తనంతా కలిపివేయడం తగదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిలో నగర కంపోస్టులో సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటరాదంటుంది. ఎంత పట్టుబడి ఉన్నదని కాదు, మొత్తం ఎంత ఉన్నదనే దాని లెక్క. కనుక పెద్దలను పిలిచి, ఆ సెల్లును ఈరోజే తీయించండి.

తరువాత సెల్లు పడని మూల నుండి బాగా మాగిన ఎరువు గుప్పెడు తెచ్చి, బట్టల సోడా కలిపిన నీటిలో ఒక రాత్రి నానబెట్టి, పైన తేరిన టీ రంగు నీటిని గాజు గ్లాసులోకి వంచండి. అందులో పొంగు ఆగాక కూడా, బాగా పుల్లబడేదాకా నిమ్మరసం పిండి, కదపకుండా ఉంచండి. అడుగుకు మెల్లగా దిగే నల్లటి తునకలే మన హ్యూమిక్ పీతలు. వాటి రూపం అసలు ఎటువంటిదో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఎంతసేపటికి దిగాయో నాకు వ్రాయండి.

మీ తాతయ్య