మూత్రం చుక్కతో మొదలయ్యే పాట

మగ చిట్టెలుకను పాడించడానికి ఆడ చిట్టెలుక అక్కర్లేదు. ఆడదాని మూత్రంలో ముంచిన దూది పుల్ల ముక్కు దగ్గర పెడితే చాలు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో తిమోతీ హోలీ, ఝోంగ్‌షెంగ్ గువో అలాగే పాడించి, ఆ పాటల విశ్లేషణను 2005లో ప్రచురించారు. పక్కనే నిలబడ్డ మనిషికి మాత్రం ఏమీ వినబడదు. ఆ పాట సుమారు 30 నుంచి 110 కిలోహెర్ట్జ్ (సెకనుకు అన్ని వేల కంపనాలు) మధ్య సాగుతుంది. మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది.

(ఇంట్లో గోడ వార పరుగెత్తుతూ కంపు కొట్టే చుంచు వేరు. అది అసలు ఎలుకల జాతే కాదు, పురుగులు తినే మరో జంతువు.)

రికార్డు చేసిన ధ్వని శ్రుతిని పదహారో వంతుకు దించితే 64 కిలోహెర్ట్జ్ కూత 4 కిలోహెర్ట్జ్‌కు వస్తుంది. అప్పుడు వింటే పిట్ట కూస్తున్నట్టే ఉంటుంది. సెకనుకు పది దాకా అక్షరాల్లాంటి కూతలు దొర్లుతాయి. కొన్ని చోట్ల స్వరం మెట్టు దిగకుండానే ఒక్కసారిగా కిందికి దూకుతుంది. అయితే పిట్టతో పోలిక ఇక్కడితో ఆపడం మంచిది. పాడే పిట్ట పెద్దవాటి పాట విని నేర్చుకుంటుంది. చిట్టెలుక పుట్టుచెవిటిదైనా దాదాపు అదే పాట పాడుతుంది.

గొంతులో జరిగే పని కూడా వేరే. మనం మాట్లాడితే స్వరతంత్రులు కంపిస్తాయి. చిట్టెలుక అల్ట్రాసౌండ్, అంటే మన చెవికి అందనంత ఎత్తు ధ్వని, తీసేటప్పుడు అవి కంపించవు. ఊపిరి సన్నని ధారగా వచ్చి స్వరపేటిక లోపలి గోడకు కొట్టుకుంటుంది, అక్కడే ఈల పుడుతుంది. సెకనుకు లక్ష ఫ్రేములు తీసే కెమెరాతో 2016లో ఈ సంగతి తేల్చారు.

ఈ పాటను ఫోనులో రికార్డు చేయలేం. ఫోను సెకనుకు 44,100 లేదా 48,000 నమూనాలే తీసుకుంటుంది, ఒక్కో కంపనానికి కనీసం రెండు నమూనాలు కావాలి కాబట్టి 22-24 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది. 110 వరకూ పట్టాలంటే కనీసం 2,20,000 నమూనాలు కావాలి. అందుకే సాధారణంగా 2,50,000 పెట్టుకుంటారు. అంత ఎత్తు ధ్వని గాలిలో త్వరగా క్షీణిస్తుంది కాబట్టి మైకు పంజరానికి దగ్గరగా, పైనుంచి వేలాడాలి. పరిచిన రంపపు పొట్టు కూడా చిక్కే: ఎలుక అందులో కదిలితే వచ్చే గరగర అల్ట్రాసౌండ్‌లోనూ ఉంటుంది, స్పెక్ట్రోగ్రామ్ (ధ్వనిని బొమ్మగా చూపే పటం) మీద నిలువు గీతలుగా పడి పాటను కప్పేస్తుంది. రెండు ఎలుకలను కలిపి ఉంచితే మరో తిప్పలు. కూత అంతా మగదేనని చాలాకాలం అనుకున్నారు. నాలుగు మూలలా మైకులు పెట్టి శబ్దం ఎటునుంచి వచ్చిందో లెక్కగట్టాక, మగది తరుముతున్నప్పుడు ఆడది కూడా బదులు పలుకుతోందని 2015లో బయటపడింది.

ఇక వాసన సంగతి. మనిషి మూత్రంలో ప్రోటీన్ ఎక్కువగా పోతే వైద్యుడు కిడ్నీని అనుమానిస్తాడు. మగ చిట్టెలుకకు అది మామూలే, పైగా అవసరం. ఈ ప్రోటీన్ మధ్యలో చిన్న గుంత ఉంటుంది, త్వరగా ఎగిరిపోయే వాసన అణువులు అందులో ఇరుక్కుంటాయి. విడిగా ఉంటే నిమిషాల్లో ఆవిరయ్యేవి, మూత వదులైన అత్తరు సీసాలోంచి వచ్చినట్టు గంటల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తాయి. పెత్తనం చేసే మగది పంజరమంతా చుక్కలు చల్లుతుంది. ఓడినది ఒక మూలకు పరిమితమవుతుంది.

ఈ ప్రోటీన్లలో ఒకదానికి లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేన్ హర్స్ట్ బృందం 2010లో డార్సిన్ అని పేరు పెట్టింది, ఆంగ్ల రచయిత్రి జేన్ ఆస్టిన్ నవలా నాయకుడు డార్సీని తలచుకుని. డార్సిన్ గాలిలో ఎగరదు. ఆడది ముక్కు ఆనించాల్సిందే. ఒక్కసారి ఆనిస్తే ఆ చోటును 14 రోజుల వరకూ గుర్తుంచుకుంటుంది. ఆ మగదాని ఒంటి వాసనను కూడా నేర్చుకుని, తర్వాత దూరం నుంచే పోల్చుకుంటుంది.

ఈ రసాయనాలను చదివే ముఖ్య అవయవాల్లో ఒకటి ముక్కు అడుగున ఉన్న వోమెరోనేసల్ గొట్టం. దానికి కీలకమైన ఒక జన్యువును తొలగించిన మగ చిట్టెలుకలను 2002లో పరీక్షించారు. పంజరంలోకి వచ్చిన మరో మగదాని మీదికి అవి దూకలేదు. ఆడదో మగదో తేడా లేకుండా పాడుతూ, ఎక్కబోయాయి.

ప్రయోగాలు చెడేది ఎక్కువగా వాసన దగ్గరే. మూత్రాన్ని ఫ్రీజర్‌లో దాచి వాడితే మగది తక్కువ పాడుతుంది, తాజాదైతే ఎక్కువ. ప్రయోగశాల ఎలుకల్లో ఒకే వంశం మగవన్నిటికీ ప్రోటీన్ల కూర్పు ఒకటే. అందువల్ల వాటి మధ్య ఆడది ఎవరిని గుర్తుపడుతుందో పరీక్షించడం, కవలలకు ఒకే చొక్కా తొడిగి పోల్చమన్నట్టే. పంజరం కడిగి అంతా మార్చేస్తే మగవాటికి కొట్లాటలు మొదలవుతాయి. పాత గూటి పీచును కొత్త పంజరంలో వేస్తే తగ్గుతాయి, మూత్రంతో తడిసిన పొట్టు వేస్తే పెరుగుతాయి.

పరిశోధకుడి వాసన కూడా లెక్కలోకి వస్తుంది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం బృందం 2014లో చూపించినట్టు, గదిలో మగ మనిషి ఉంటే ఎలుకలు ఒత్తిడికి లోనై నొప్పికి తక్కువగా స్పందిస్తాయి. ఆయన వేసుకున్న టీషర్టు ఒక్కటి అక్కడ పెట్టినా అంతే.