తాబేలు తొట్టె నీళ్లు ఎక్కడ పారబోస్తున్నారు?

హనుమకొండలో గానీ కరీంనగర్‌లో గానీ అక్వేరియం షాపుకు పోతే, రంగు చేపల పక్కన ఓ చిన్న తొట్టెలో పచ్చటి బుల్లి తాబేళ్లు ఈదుతూ కనిపిస్తుంటాయి. కంటి వెనక ఎర్రటి చార ఉంటుంది. వాటిని చూశాక పిల్లలు అక్కడి నుంచి కదలరు. ఇంట్లో తాబేలు ఉంటే కలిసొస్తుందని నమ్మే పెద్దవాళ్లూ కాదనరు. నిజానికి ఇది మన చెరువుల తాబేలు కాదు. అమెరికాలో మిసిసిపీ నది పారే ప్రాంతాలు దీని పుట్టిల్లు. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు.

కొనేవాళ్లు ముందుగా అడిగేది కరుస్తుందా అని. కరవొచ్చు, గోళ్లతో గీరొచ్చు కూడా. గాయాన్ని సబ్బుతో బాగా కడిగి, లోతుగా ఉంటే డాక్టర్‌కు చూపిస్తే చాలావరకు సరిపోతుంది. నాకు భయం వేసేది దాని తొట్టెలో నీళ్లను చూస్తే.

మనుషులకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా తాబేలు పేగుల్లో ఉండటం మామూలే. బల్లులు, పాములు, ఊసరవెల్లుల్లో కూడా ఉంటుంది. దానివల్ల తాబేలుకు సాధారణంగా ఏ జబ్బూ రాదు. తింటుంది, ఈదుతుంది, రాయి ఎక్కి ఎండ కాచుకుంటుంది, చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. బ్యాక్టీరియా మాత్రం మలంతో పాటు నీళ్లలోకి దిగుతుంది. తాబేలు రోజంతా అవే నీళ్లలో ఉంటుంది కాబట్టి దాని చిప్పకు, కాళ్లకు, మెడ ముడతలకు అన్నిటికీ పట్టుకుంటుంది. తొట్టెలో మిగిలిపోయిన తిండి, వెచ్చటి నీళ్లు ఉంటే అక్కడే పెరుగుతుంది. వరంగల్ ఎండాకాలంలో తొట్టె నీళ్లు ఎంత వేడెక్కుతాయో వేరే చెప్పక్కర్లేదు.

మరి పరీక్ష చేయించి, బ్యాక్టీరియా లేని తాబేలునే తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. తాబేలు సాల్మొనెల్లాను మలంలో రోజూ ఒకేలా వదలదు. కొన్నాళ్లు అసలు వదలదు, ఆ సమయంలో పరీక్ష చేస్తే ఏమీ లేదనే వస్తుంది. ఇల్లు మారినా, తిండి మారినా, డబ్బాలో పెట్టి దూరం తీసుకెళ్లినా ఆ ఒత్తిడికి మళ్లీ వదలడం మొదలుపెడుతుంది. మందులతో వదిలించాలని అమెరికాలో తాబేళ్ల పెంపకందారులు గట్టిగానే ప్రయత్నించారు. గుడ్లను జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లో ముంచారు. ముందు బాగానే పని చేసినట్టు కనిపించింది. తర్వాత తాబేళ్లలో సాల్మొనెల్లా మళ్లీ బయటపడింది, ఈసారి ఆ మందుకు లొంగని రకం. ఈ పని ఇంట్లో చేయబోయేవాళ్లు ఒక్కసారి ఆగాలి. మనకు తోచిన మందు బిళ్ల తొట్టెలో వేస్తే తాబేలు శుద్ధి కాదు, మొండి బ్యాక్టీరియా తయారవుతుంది.

అమెరికా దీనికి పెద్ద మూల్యమే చెల్లించింది. 1970ల మొదట్లో అక్కడ తాబేళ్ల వల్ల ఏటా సుమారు 2,80,000 మందికి సాల్మొనెల్లా సోకిందని అంచనా. అందులో ఎక్కువమంది పిల్లలు. దాంతో 1975లో చిప్ప పొడవు 4 అంగుళాల లోపు ఉన్న తాబేళ్లను పెంపుడు జంతువులుగా అమ్మకూడదని నిషేధం పెట్టారు. పెద్ద తాబేలులో బ్యాక్టీరియా ఉండదని కాదు, చిన్నదైతే పసిపిల్లలు నోట్లో పెట్టేసుకుంటారని. నిషేధం తర్వాత కూడా దొంగచాటు అమ్మకాలు ఆగలేదు. 2007లో ఫ్లోరిడాలో నెల కూడా నిండని పాప సాల్మొనెల్లాతో చనిపోయింది. ఆ ఇంట్లో ఉన్న చిన్న తాబేలులో సరిగ్గా అదే బ్యాక్టీరియా దొరికింది. అంత పసిపాప తాబేలును తనంతట తాను పట్టుకోలేదు. పాప దాకా దాన్ని మోసుకొచ్చింది పెద్దవాళ్ల చేతులో, బట్టలో, పాత్రలో అయ్యుండాలి.

ఆ దారి మన ఇళ్లలో ఎలా ఉంటుందో ఆలోచించండి. తొట్టె కడిగేది చాలా ఇళ్లల్లో అంట్లు తోమే వాష్ ఏరియాలోనే. నీళ్లు తోడటానికి వాడేది బకెట్‌లో ఉన్న మగ్గే. ఆ మగ్గును కాసేపటికి ఇంకెవరో బియ్యం కడగడానికి అందుకుంటారు. తొట్టె నీళ్లు మొక్కలకు బలమని కొందరు కొత్తిమీర కుండీలో పోస్తారు. కొత్తిమీర మనం పచ్చిగానే పెరుగు పచ్చడిలో వేసుకుంటాం. పైగా మనం చేత్తో తింటాం, అన్నం పప్పు మెత్తగా పిసికి పసిపిల్లల నోట్లో ముద్దలు పెడతాం. సాల్మొనెల్లా కంటికి కనపడదు, వాసన రాదు, ఆరిపోయిన గట్టు మీద కూడా చాలా రోజులు బతికి ఉండగలదు. తాబేలును ఎన్నడూ ముట్టుకోని నాయనమ్మకు విరేచనాలు పట్టుకున్నాయంటే ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు.

అందుకే తొట్టె నీళ్లను టాయిలెట్ నీళ్లతో సమానంగా చూడమంటాను. పారబోయాల్సింది టాయిలెట్‌లోనే. తొట్టెకు విడిగా ఒక బకెట్, ఒక మగ్గు, ఒక బ్రష్ పెట్టి, అవి వంటింటి వైపు రాకుండా చూసుకోవాలి. రంగు వేరేది కొంటే పొరపాటు జరగదు. కడిగిన చోటును సబ్బుతో రుద్ది, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు పోసి, మళ్లీ మంచి నీళ్లతో కడిగేయాలి. చేతుల విషయంలో అయితే సబ్బు, పారే నీళ్లు, 20 సెకన్లు. శానిటైజర్ ఏమీ లేనప్పుడు పనికొస్తుంది గానీ సబ్బుకు సాటి రాదు. తాబేలును తీసి సోఫా మీద, డైనింగ్ టేబుల్ మీద వదలడం, ఫొటో కోసం ముద్దు పెట్టడం వద్దు. పెద్ద పిల్లలు పట్టుకుంటే పక్కన ఒకరు ఉండి, తర్వాత చేతులు కడిగించాలి.

అయిదేళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు ఉన్న ఇంట్లో ఇన్ని జాగ్రత్తలు పాటించడం కంటే తాబేలును తెచ్చుకోకపోవడమే మేలు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మన ప్రాంతంలో ఇంకొకరిని కూడా కలుపుకోవాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు వైపు గిరిజన గూడేల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త వ్యాధి ఉంది. దాని నిర్మూలనకు కేంద్రం 2023లో ప్రత్యేకంగా ఒక మిషన్ కూడా మొదలుపెట్టింది. ఈ వ్యాధి ఉన్నవాళ్లలో బ్యాక్టీరియాను రక్తం నుంచి వడకట్టే ప్లీహం చిన్నప్పుడే దెబ్బతింటుంది. వాళ్లకు సాల్మొనెల్లా సోకితే కడుపుతో ఆగకుండా రక్తంలోకి, ఎముకల్లోకి పాకే ప్రమాదం ఎక్కువ. ఎముక ఇన్ఫెక్షన్ అంటే వారాల తరబడి వైద్యం.

షాపులో కొనకపోయినా తాబేలు మన చేతికి వస్తుంది. తొలకరి వానలకు చెరువు మట్టిలో దాక్కున్న తాబేళ్లు బయటికొచ్చి పొలం గట్ల మీద, రోడ్ల మీద కనిపిస్తాయి. చేపల వలల్లో పడతాయి. పిల్లలు ఇంటికి తెచ్చి బావిలోనో టబ్బులోనో వేస్తారు. సాల్మొనెల్లా వీటిలోనూ ఉంటుంది. అదీగాక వీటిని పట్టి ఇంట్లో ఉంచుకోవడం చట్టరీత్యా నేరం. నక్షత్ర తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, పట్టుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు. చెరువు తాబేలును దొరికిన చోటే, రోడ్డు మీద ఉంటే అది వెళ్తున్న వైపు దాటించి వదిలేయాలి. గాయపడితే అటవీ శాఖకు చెప్పాలి. స్లైడర్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అరచేతిలో పట్టిన పిల్ల పళ్లెమంత పెరుగుతుంది, 20, 30 ఏళ్లు బతుకుతుంది. పెంచలేక దాన్ని భద్రకాళి చెరువులోనో గుడి కోనేట్లోనో వదిలేస్తే అక్కడి తాబేళ్ల తిండిని, చోటును లాక్కుంటుంది. కొన్న షాపునే అడగాలి, లేదా బాధ్యతగా పెంచేవాళ్లకు అప్పగించాలి.

ఇక జబ్బు చేస్తే. బ్యాక్టీరియా కడుపులోకి వెళ్లిన 6 గంటల నుంచి 6 రోజుల లోపు విరేచనాలు, జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలవుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు 4 నుంచి 7 రోజుల్లో తగ్గిపోతుంది. అప్పటిదాకా ఓఆర్ఎస్ తాగిస్తూ ఒంట్లో నీరు తగ్గకుండా చూడటమే ప్రధాన వైద్యం. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసేయకండి, మామూలు కేసుల్లో దాని అవసరం ఉండదు. మలంలో రక్తం పడుతున్నా, జ్వరం 102 డిగ్రీలు దాటినా, మూత్రం తగ్గినా, పసిపాప పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా టెన్షన్ పడుతూ ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ అడగకపోయినా ఇంట్లో తాబేలు ఉందని చెప్పాలి. జ్వరం అనగానే మన దగ్గర ముందు చేసేది వైడల్ పరీక్ష. అది టైఫాయిడ్ కోసం, టైఫాయిడ్ బ్యాక్టీరియా మనుషుల నుంచి మనుషులకే వస్తుంది. తాబేలు నుంచి వచ్చే రకాన్ని పట్టాలంటే మలాన్ని, అవసరమైతే రక్తాన్ని కల్చర్ చేయాలి, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూడాలి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. యాంటీబయాటిక్ మొదలయ్యాక తీసిన శాంపిల్‌లో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు, కాబట్టి తాబేలు మాట మొదటి రోజే డాక్టర్ చెవిన పడాలి.