ఫ్రీలాన్సర్ల ప్రపోజల్: అపోహలు - వాస్తవాలు

పని మధ్యలో క్లయింటుతో వచ్చే గొడవల్లో చాలా వాటికి మూలం, పని మొదలయ్యే ముందు ఫ్రీలాన్సర్ రాసి పంపే ప్రపోజల్‌లోనే దొరుకుతుంది. అక్కడ రాయాల్సిందేదో రాయలేదని అప్పుడు తెలుస్తుంది. ప్రపోజల్ అంటే మనల్ని మనం పొగుడుకునే కాగితం అన్న నమ్మకం వల్లే ఇలా జరుగుతోంది. పని ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎవరు ఏమివ్వాలి అన్నవి తేల్చడమే దాని అసలు పని.

అపోహ: ముందుగా మన అనుభవం చెప్పుకోవాలి.

వాస్తవం: అప్‌వర్క్ లాంటి ఫ్రీలాన్స్ పనులు దొరికే ఆన్‌లైన్ వేదికల్లో క్లయింటు ముందు ప్రపోజల్స్ అన్నీ జాబితాగా కనిపిస్తాయి. ఒక్కోదానిలో మొదటి రెండు మూడు లైన్లే పైకి తెలుస్తాయి. ఆ కాస్త చోటూ "నమస్కారం, నాకు ఎనిమిదేళ్ల అనుభవం ఉంది"తో నిండిపోతే, పక్కనున్న వాటికీ దానికీ తేడా కనబడదు. రాసే ముందు క్లయింటు సైటునో యాప్‌నో పావుగంట వాడి చూడండి. తర్వాత ఇలా మొదలుపెట్టండి: "మీ చెకౌట్ పేజీలో పిన్‌కోడ్ తప్పు కొడితే ఫారం మొత్తం ఖాళీ అయిపోతోంది. మొబైల్లో కొనేవాళ్లు అన్నీ మళ్లీ టైప్ చేయాల్సి వస్తోంది. ముందు దీన్ని సరిచేసి, ఆ తర్వాత డిజైన్ జోలికి వెళ్దాం." చదివేవాళ్లకు మీ పనితనం అక్కడే అర్థమవుతుంది. అనుభవం గురించి కింద చెప్పవచ్చు. అదీ ఇలాంటి పనులు రెండు, వాటి లింకులు, వాటిలో మీరు స్వయంగా చేసిన భాగం ఏమిటో ఒక్కో వాక్యంలో ఉంటే చాలు.

అపోహ: ఎన్ని పేజీలుంటే అంత గౌరవం.

వాస్తవం: చిన్న పనికి ఒకటి రెండు పేజీలు సరిపోతాయి. సమస్య, చేసే పని, చేయని పని, గడువు, ధర, చెల్లింపు, తర్వాతి అడుగు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

అపోహ: స్కోప్ (పని పరిధి) కాస్త వదులుగా ఉంచితే క్లయింటుకు నచ్చుతుంది.

వాస్తవం: ఆ సమయానికి నచ్చుతుంది, నిజమే. "వెబ్‌సైట్ రీడిజైన్" అని ఒక్క ముక్క రాస్తే మీ లెక్కలో అయిదు పేజీలు, క్లయింటు లెక్కలో బ్లాగు, రెండో భాష, పాత కంటెంట్ తరలింపు అన్నీ కలిసే ఉంటాయి. ఇద్దరిలో ఎవరూ మోసం చేయడం లేదు, ఎవరి ఊహ వారిది. కాబట్టి లెక్కపెట్టగలిగేలా రాయండి: "5 పేజీలు (హోమ్, మా గురించి, సేవలు, ధరలు, సంప్రదించండి). ఒక్కోదానికి మొబైల్, డెస్క్‌టాప్ డిజైన్లు. 1 కాంటాక్ట్ ఫారం. 2 విడతల సవరణలు."

అంతకంటే ముఖ్యమైనది దాని కిందే ఉండాల్సిన "ఇందులో లేనివి" జాబితా. కంటెంట్ రాయడం, ఫొటోలు కొనడం, హోస్టింగ్ ఖర్చు, లాంచ్ తర్వాత నిర్వహణ లాంటివి అందులో పెట్టండి. ఇవి రాస్తే క్లయింటు భయపడతాడని చాలామంది వదిలేస్తారు. అనుభవమున్న క్లయింటు మాత్రం వెతికేది ఈ భాగాన్నే, ఎందుకంటే అది లేని ప్రపోజల్‌లో తర్వాత ఎంత అదనంగా అడుగుతారో ఊహించడం కష్టం.

"అన్‌లిమిటెడ్ రివిజన్స్" అని మాత్రం రాయకండి. సవరణ అంటే ఏమిటో కూడా చెప్పాలి: ఒప్పుకున్న డిజైన్‌లో మార్పులన్నీ ఒకేసారి, ఒకే జాబితాగా పంపితే అది ఒక విడత. ఒప్పుకున్న దాన్ని పక్కనపెట్టి కొత్త దిశలో వెళ్దామంటే అది కొత్త పని. దానికి ధర, గడువు రాతపూర్వకంగా ఖాయమయ్యాకే మొదలవుతుంది.

అపోహ: ధర తగ్గిస్తే పని మనదే.

వాస్తవం: మరీ తక్కువ ధర చూస్తే, పని అర్థం కాలేదేమోనన్న అనుమానం వస్తుంది. సాధారణంగా ధర తప్పేది గంటల అంచనాలో. అన్నీ సవ్యంగా జరిగితే పట్టే సమయాన్నే చాలామంది లెక్కగా పెట్టుకుంటారు. మూడు అంకెలు వేసుకోండి. అన్నీ కలిసొస్తే 20 గంటలు, మామూలుగా 30, అడ్డంకులొస్తే 64 అనుకుందాం. మామూలు అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి: 20 + 120 + 64 = 204, అంటే 34 గంటలు. దీన్ని పెర్ట్ అంచనా అంటారు. దానికి కాల్స్, ఈమెయిల్స్, ఫైళ్లు అప్పగించడం కోసం 20 శాతం కలిపితే దాదాపు 41 గంటలు. 30 గంటలకు రేటు కట్టి పంపినవాళ్లు చివరి 11 గంటలూ ఉచితంగా పనిచేస్తారు, అలిసిపోయి నాణ్యతా తగ్గిస్తారు.

క్లయింటు బడ్జెట్ చాలకపోతే రేటు జోలికి పోకుండా స్కోప్ తగ్గించండి: "ఈ బడ్జెట్‌లో 3 పేజీలు పూర్తవుతాయి, మిగతా 2 రెండో దశలో చేద్దాం." కారణం చెప్పకుండా రేటు తగ్గిస్తే, మొదట చెప్పిన ధర నిజమైనది కాదనే అర్థం వస్తుంది.

అపోహ: గడువుకు ఒక తేదీ రాస్తే సరిపోతుంది.

వాస్తవం: క్లయింటు లోగో పంపడానికి పది రోజులు తీసుకున్నా, ఆ తేదీ మీ మెడకే చుట్టుకుంటుంది. రోజుకు 5 గంటల చొప్పున 41 గంటలకు 9 పనిదినాలు, రెండు విడతల అభిప్రాయాలకు క్లయింటుకు మూడేసి రోజులు, మొత్తం 15. దాన్ని "అడ్వాన్స్, లోగో, కంటెంట్ అందిన మర్నాటి నుంచి 15 పనిదినాలు. అభిప్రాయం ఆలస్యమైతే గడువూ అన్ని రోజులే జరుగుతుంది" అని రాయండి.

అపోహ: డబ్బు సంగతి ముందే ఎత్తితే బాగుండదు.

వాస్తవం: ముందే ఎత్తకపోతేనే తర్వాత ఇబ్బంది. 40 శాతం అడ్వాన్స్, డిజైన్ ఒప్పుకున్నాక 30, చివర 30 అన్నది చాలా పనులకు కుదిరే విభజన. అయితే చివరి 30 శాతం దగ్గరే చిక్కు: క్లయింటు "ఇంకా చూడలేదు" అంటూ నెలలు గడిపేయవచ్చు. అందుకని, పని అప్పగించాక 7 రోజుల్లో అభ్యంతరాలు చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని, అసలు ఫైళ్లు, హక్కులు చివరి చెల్లింపు తర్వాతే బదిలీ అవుతాయని స్పష్టంగా రాయండి. ధర ఎన్నాళ్లు చెల్లుతుందో కూడా ఉండాలి. 15 రోజులు సరిపోతుంది.

అపోహ: పంపాక మళ్లీ అడిగితే వెంటపడ్డట్టు ఉంటుంది.

వాస్తవం: "ఏమైంది?" అని మాత్రమే రాస్తే అలాగే ఉంటుంది. నాలుగైదు పనిదినాలయ్యాక, జవాబివ్వడానికి తేలికైన ఒక ప్రశ్న పంపండి: "ధరల పేజీ మొదటి దశలోనే కావాలా, రెండో దశకు పెట్టుకోవచ్చా?" ఇంకో వారానికి, చెల్లుబాటు తేదీ గుర్తుచేస్తూ రెండోసారి రాయండి. దానికీ జవాబు రాకపోతే ఆ తేదీలను వేరే పనికి కేటాయిస్తున్నామని మర్యాదగా తెలియజేసి, నిజంగానే కేటాయించండి.