సింగిల్ చానలా, డ్యూయల్ చానలా? స్కజీ కార్డుపై అపోహలు - వాస్తవాలు

సిక్కోలు, విజయనగరం వైపు పాత సర్వర్‌కు స్కజీ కార్డు (డిస్కులను, టేప్ డ్రైవ్‌ను సర్వర్‌కు కలిపే కార్డు) మార్చాల్సి వస్తే ముందు వచ్చే ప్రశ్న ఇదే.

అపోహ: డ్యూయల్ పెడితే వేగం రెట్టింపు.

కాదు. అల్ట్రా320 అనే స్కజీ రకంలో ఒక్కో చానల్ (డిస్కుల కేబుల్ తగిలించే దారి) సెకనుకు 320 ఎంబీ మోస్తుంది. 15,000 ఆర్‌పీఎం డిస్కు ఏకబిగిన చదివినా 100 ఎంబీ దరిదాపుల్లోనే ఉంటుంది. రెండు మూడు డిస్కులకు ఒక్క చానల్ బోలెడు. ముందు బోర్డు మీద స్లాట్ చూడండి. 32 బిట్, 33 మెగాహెర్ట్జ్ పీసీఐ స్లాట్ 133 ఎంబీ దాటదు. దాంట్లో డ్యూయల్ కార్డు గుచ్చితే వేగం పరంగా డబ్బు దండగే. పీసీఐ-ఎక్స్ 133 స్లాట్ అయితే 1,066 ఎంబీ. ఆ స్లాటూ, నాలుగైదు డిస్కులను కలిపి ఒకటిగా వాడే రైడూ ఉంటే, పెద్ద ఫైళ్ల పనిలో తేడా తెలుస్తుంది. బిల్లింగ్ పనిలో ఆలస్యమంతా డిస్కు హెడ్ వెతుకులాటదే, చానల్‌ది కాదు.

అపోహ: డిస్కులు రెండే, డ్యూయల్ ఎందుకు?

పాత టేప్ డ్రైవ్ ఉంటే కావాలి. ఎల్‌వీడీ (కొత్త రకం సిగ్నల్) డిస్కులున్న కేబుల్‌కే సింగిల్ ఎండెడ్ (పాత రకం సిగ్నల్) టేప్ డ్రైవ్ తగిలిస్తే బస్, అంటే ఆ చానల్ మొత్తం 40 ఎంబీకి దిగుతుంది. 12 మీటర్ల వరకు పనికొచ్చే కేబుల్ హద్దు కూడా 3 మీటర్లకో, డివైజ్‌లు ఎక్కువైతే 1.5 మీటర్లకో పడిపోతుంది. డిస్కులు ఒక చానల్‌లో, టేప్ ఇంకో చానల్‌లో పెట్టండి. ఐడీలు (ఒక్కో డివైజ్‌కు ఇచ్చే నంబర్లు) ఏ చానల్‌కు ఆ చానలే. 7 కార్డుది, వదిలేయండి. ఎల్‌వీడీ డిస్కుల్లో టెర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపేది) ఉండదు, కేబుల్ చివర విడిగా పెట్టాలి. అది మరిచిపోతే డిస్కులు కనిపిస్తూనే రీడ్ ఎర్రర్లు, బస్ రీసెట్లు వస్తాయి.

అపోహ: ఒక చానల్ పోతే రెండోది కాస్తుంది.

మిర్రర్‌లో (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంచే పద్ధతి) ఒక్కో డిస్కును ఒక్కో చానల్‌కు కలిపితే కేబుల్, టెర్మినేటర్ చెడినా పని ఆగదు. కార్డే కాలిపోతే రెండూ పోతాయి.

అపోహ: రాయడం నెమ్మదించింది, చానల్ చాలట్లేదు.

రైడ్ కార్డయితే ముందు క్యాష్ (కార్డులోని తాత్కాలిక మెమరీ) బ్యాటరీ చూడండి. అది చచ్చిపోతే చాలా కార్డులు రైట్-బ్యాక్ (ముందు క్యాష్‌లో, తర్వాత డిస్కులో రాయడం) మాని రైట్-త్రూలోకి (డిస్కులో రాసేదాకా ఆగడం) మారిపోతాయి. బ్యాటరీ మార్చి, నిండా చార్జ్ అయ్యాక మళ్లీ చూడండి. బ్యాటరీ లేకుండా రైట్-బ్యాక్ బలవంతంగా ఆన్ చేయడం మాత్రం వద్దు: కరెంటు పోతే క్యాష్‌లోని ఎంట్రీలు డిస్కు చేరవు. బ్యాటరీ మంచిదైనా సాధారణంగా కాపాడేది రెండు మూడు రోజులే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో అంతకు మించి కరెంటు లేని ఊళ్లున్నాయి. తుపాను హెచ్చరిక రాగానే సర్వర్‌ను మామూలుగా షట్‌డౌన్ చేయండి, యూపీఎస్ అయిపోయేదాకా ఆగొద్దు.