ఆగ్నేయాసియా అధ్యయనాలు: మన విద్యార్థుల్లో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

చరిత్రలోనో, భాషాశాస్త్రంలోనో, రాజనీతిశాస్త్రంలోనో ఎం.ఏ. చేస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు: "సార్, ఆగ్నేయాసియా మీద రీసెర్చ్ చేయాలనుంది, కానీ..." అని. ఆ 'కానీ' తర్వాత వచ్చే సందేహాలు ఎక్కువగా విని నమ్మినవే, కనుక్కుని తెలుసుకున్నవి కావు. నేను పనిచేసేది ఈ రంగంలోనే, అంటే ఇండోనేషియా, కంబోడియా, వియత్నాం, బర్మా లాంటి దేశాల అధ్యయనంలో. సదస్సులకు వచ్చే పరిశోధన పత్రాల సారాంశాలు, అంటే అబ్‌స్ట్రాక్టులు చదవడం కూడా నా పనిలో భాగం. అందుకే ఈ పోస్టు.

అపోహ: ఆగ్నేయాసియా అధ్యయనం అంటే మన సంస్కృతి అక్కడికి ఎలా వెళ్లిందో చెప్పడమే.

అన్నిటికంటే బలంగా నాటుకుపోయిన అపోహ ఇదే. 1926లో కలకత్తాలో 'గ్రేటర్ ఇండియా సొసైటీ' పెట్టిన పండితులు ఆగ్నేయాసియా దేశాలను భారతదేశపు సాంస్కృతిక వలసలుగా చూశారు. వలసపాలనలో ఉన్న జాతికి ఆ రోజుల్లో అది ధైర్యాన్నిచ్చిన మాట. కానీ ఆ చూపును పరిశోధకులు దాటి వచ్చి దశాబ్దాలైంది.

ఉదాహరణకు ఇండోనేషియా దీవి సుమత్రాలోని పాలెంబాంగ్ దగ్గర దొరికిన కెడుకాన్ బుకిట్ శాసనం చూడండి. 7వ శతాబ్దం నాటిది. లిపి దక్షిణ భారతం నుంచి వెళ్లిన పల్లవ లిపి. సంస్కృత పదాలూ ఉన్నాయి. భాష మాత్రం పాత మలయ్. అంటే అక్కడి శ్రీవిజయ రాజ్య పాలకుడు తనకు పనికొచ్చే లిపిని తీసుకుని, తన మాట తన జనానికి చెప్పుకున్నాడు. ఎవరో వచ్చి నేర్పితే నేర్చుకున్న వాళ్లు కాదు, ఏది కావాలో ఎంచుకున్న వాళ్లు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పాఠం చెప్పిన ఓ.డబ్ల్యూ. వోల్టర్స్ దీన్నే 'స్థానికీకరణ' అనే దృష్టితో వివరించాడు. ఇక వియత్నాం ఉత్తర భాగమైతే శతాబ్దాల పాటు చైనా విద్యా సంప్రదాయంతో పెనవేసుకుంది. 1070లో కట్టిన హనోయి సాహిత్య ఆలయం కన్ఫ్యూషియస్‌కు అంకితం.

'ఆంకోర్‌లో మన రామాయణం' అని మొదలయ్యే అబ్‌స్ట్రాక్టు కమిటీ ముందుకు వస్తే చదివేవాళ్లు వెంటనే అడిగేది: అక్కడి, అంటే కంబోడియా ఖ్మేర్ శిల్పి ఆ కథను ఎందుకు, ఎలా మార్చుకున్నాడు? దానికి జవాబు ఉంటే మంచి పేపరే అవుతుంది. లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

అపోహ: తెలుగువాళ్లకు ఈ రంగంలో ప్రత్యేకంగా చెప్పడానికేమీ లేదు. చోళుల కథంతా తమిళులదే.

సముద్రం దాటి వెళ్లిన చోళ నౌకాదళం దగ్గరే ఆగిపోతే అలాగే అనిపిస్తుంది. కానీ కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకిచ్చిన హామీయే కదా. తర్వాత 17వ శతాబ్దంలో మచిలీపట్నం నుంచి వెళ్లిన అద్దకం బట్టలు సుమత్రా, జావా రేవుల్లో మిరియాలకూ సుగంధ ద్రవ్యాలకూ మారకంగా నడిచాయి. డచ్చి కంపెనీ మచిలీపట్నంలో వర్తక కోఠీ పెట్టుకుంది కూడా ముఖ్యంగా ఈ బట్టల కోసమే. ఆ కంపెనీ కాగితాలు హేగ్‌లో, జకార్తాలో భద్రంగా ఉన్నాయి. పెడన అద్దకం పనివాళ్ల నమూనాలను దగ్గర నుంచి చూసి పెరిగిన విద్యార్థి డచ్చి కూడా నేర్చుకుని ఆ కాగితాల్లోని బట్టల జాబితాలు చదివితే, బయటివాళ్లకు కనిపించనివి కనిపిస్తాయి. నేను గట్టిగా ఎదురుచూస్తున్న పరిశోధనల్లో ఇదొకటి.

ఇంకా దగ్గరి చరిత్ర బర్మాది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి ఎంతమంది వెళ్లారంటే, బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీ'లనే పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తేలాక ఆ బర్మా కూలీలను పంపేయడంతో ఘోరమైన అల్లర్లు చెలరేగాయి. 1942లో జపాన్ దండయాత్రకు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. చాలామంది కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచే వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. ఈ చరిత్ర మీద తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల వైపు నుంచి చాలా రాశారు. తెలుగు కూలీల వైపు నుంచి రాసింది చాలా తక్కువ.

భాషాశాస్త్రం వాళ్లకు మరో ద్వారం ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లో మాట్లాడే సవర భాషది ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబం. ఖ్మేర్, వియత్నామీస్, మోన్ భాషలు దానికి దూరపు చుట్టాలు. గిడుగు రామమూర్తి అంటే మనకు వ్యావహారిక భాషోద్యమమే గుర్తొస్తుంది. ఆయన 1931లో సవర భాష మీద ఇంగ్లీషులో మాన్యువల్ ప్రచురించారని, ఆ కుటుంబం మీద పనిచేసేవాళ్లు దాన్ని ఇప్పటికీ తిరగేస్తారని మన పిల్లలకు ఎవరూ చెప్పరు. ఆస్ట్రోఏషియాటిక్ భాషల అంతర్జాతీయ సదస్సు మొదటిసారి 1973లో హవాయిలో జరిగితే, రెండోది 1978లో మన మైసూరులోనే జరిగింది.

అపోహ: కమ్యూనిటీ కార్యక్రమాలు కాలక్షేపం. చదువుకు పనికిరావు.

మలేషియా తెలుగు సంఘం 1955 నుంచి, సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి నడుస్తున్నాయి. మలేషియాలో ఉగాదికి వచ్చే పెద్దవాళ్లలో రబ్బరు తోటల్లో, పామాయిలు తోటల్లో పెరిగినవాళ్లుంటారు. వాళ్ల తాతముత్తాతలు ఏ ఊరి నుంచి వచ్చారో, తోటలోని బడిలో తెలుగు ఎప్పటిదాకా నేర్పారో, ఇంట్లో ఏ మాట మలయ్‌లో, ఏ మాట తెలుగులో వస్తుందో... ఇవేవీ ఆర్కైవ్‌లో దొరకవు. అంత దూరం వెళ్లలేకపోతే కార్తీక పౌర్ణమికి కటక్‌లో మొదలయ్యే బాలి జాత్రకు వెళ్లి చూడండి. ఒడియా వాళ్లు తమ సముద్రయానాన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారో, మనం ఎందుకు పెట్టుకోలేదో అడగడం కూడా పరిశోధనే.

విద్యా సదస్సులు కూడా మారుతున్నాయి. నెదర్లాండ్స్ లోని లైడెన్ ఆసియా అధ్యయన సంస్థ చొరవతో 2024లో ఇండోనేషియాలోని సురబయలో జరిగిన ఆసియా పండితుల సమావేశాన్ని సదస్సూ ఉత్సవమూ కలిపి నడిపారు. ఎయిర్లాంగా యూనివర్సిటీ గదులతో ఆగకుండా నగరంలోని కంపుంగ్‌లకు, అంటే పేటల్లోకి కూడా వెళ్లారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఎవరి జ్ఞాపకాలు రికార్డు చేసినా ముందే అనుమతి అడగాలి. ఎందుకో చెప్పాలి. తర్వాత ఆ రికార్డింగు, స్కాన్ చేసిన పాత ఫోటోలు వాళ్ల ఇంటికి చేర్చాలి. మనవాళ్లే కదా అని ఈ మర్యాద వదిలేస్తే, తర్వాత వచ్చే విద్యార్థికి ఆ తలుపు మూసుకుపోతుంది.

అపోహ: ఇంగ్లీషు చాలు. అక్కడి భాషలు ఎలాగూ మనకు రావు.

రెండు సగాలూ తప్పే. ఒక్క స్థానిక భాషైనా రాకుండా ఈ రంగంలో పీహెచ్‌డీ సీటు దొరకడం కష్టం, దొరికినా పని పైపైనే ఉండిపోతుంది. అయితే నేర్చుకోవడం మనం భయపడేంత కష్టం కాదు. ఇండోనేషియన్‌కు రోమన్ లిపి. క్రియలు కాలాన్ని బట్టి, పురుషను బట్టి మారవు. బర్మీస్, ఖ్మేర్ లిపులు బ్రాహ్మీ సంతతివి. అక్షరమాల క, ఖ, గ, ఘ వరుసలోనే నడుస్తుంది, ఖ్మేర్‌లో మన ఒత్తుల్లాగే అక్షరం కింద అక్షరం రాస్తారు. తెలుగు బడిలో చదివిన పిల్లలు వీటిని పట్టుకునే వేగం వేరు. బర్మీస్‌లో, థాయ్‌లో అర్థాన్నే మార్చేసే స్వరభేదాలకు మాత్రం చెవి అలవాటు పడాలి, దానికి టైమ్ పడుతుంది.

ఎక్కడ నేర్చుకోవాలి? విస్కాన్సిన్ యూనివర్సిటీ, మాడిసన్‌లో వేసవిలో ఆగ్నేయాసియా భాషలకు 8 వారాల ఇంటెన్సివ్ కోర్సు ఉంటుంది. ఇండోనేషియా ప్రభుత్వం 1974లో మొదలుపెట్టిన దర్మసిస్వ స్కాలర్‌షిప్ విదేశీ విద్యార్థులు అక్కడి భాష, కళలు నేర్చుకోవడానికి ఉద్దేశించింది. డిగ్రీ ఇవ్వదు. ఏ ఏడాది ప్రకటన ఆ ఏడాది దౌత్య కార్యాలయం ద్వారానే చూసుకోండి, పాత వివరాలు నమ్మి టికెట్లు కొనొద్దు. ఇంట్లో కూర్చుని మొదలుపెట్టాలంటే సీలాంగ్ (SEAlang) వెబ్‌సైట్‌లోని ఆగ్నేయాసియా భాషల నిఘంటువులు ఉచితం.

అపోహ: అమెరికా వెళ్లాల్సిందే.

కార్నెల్ ఆగ్నేయాసియా కార్యక్రమం 1950 నుంచి ఉంది, దాని లైబ్రరీ గొప్పదే. కానీ అమెరికా ప్రభుత్వ ఫ్లాస్ భాషా ఫెలోషిప్పులు అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే ఉద్దేశించినవి. మన పాస్‌పోర్టుతో అప్లై చేయలేం. సింగపూర్‌లో 1968లో పెట్టిన ఐసియస్ పరిశోధన సంస్థ, అక్కడి నేషనల్ యూనివర్సిటీ ఎన్‌యూఎస్‌లోని ఆగ్నేయాసియా విభాగం, జపాన్‌లో క్యోటో యూనివర్సిటీ కేంద్రం, బ్యాంకాక్‌లో చులాలాంగ్‌కార్న్ ఉన్నాయి. ఇక్కడే తిరుపతి ఎస్వీయూలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది. ఢిల్లీ జేఎన్‌యూలో, మద్రాసు యూనివర్సిటీలో కూడా విభాగాలున్నాయి. తిరుపతి బస్సెక్కితే చేరే చోటు గురించి తెలియకుండా కార్నెల్ ఉన్న ఇథాకా గురించి కలలు కనే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది.

ఆర్కైవ్ కోసం కూడా వెంటనే విమానం ఎక్కక్కర్లేదు. సింగపూర్ నేషనల్ లైబ్రరీ పాత పత్రికలను డిజిటైజ్ చేసి పెట్టింది. 1845లో మొదలైన స్ట్రెయిట్స్ టైమ్స్ కూడా అందులో ఉంది. వెతికేటప్పుడు ఆ కాలపు 'తెలెగు' (Telegu) స్పెల్లింగ్ కూడా వేసి చూడండి.

అపోహ: సదస్సులు ప్రొఫెసర్లకే.

సింగపూర్ ఏషియా రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పీజీ, పీహెచ్‌డీ విద్యార్థుల కోసమే ఫోరం నడుపుతోంది. కార్నెల్ విద్యార్థులే ఒక సదస్సు నిర్వహిస్తారు. ఆసియా అధ్యయనాల సంఘం (ఏఏఎస్) వారి ఆసియా సదస్సు 2018లో ఢిల్లీలో, 2025లో ఖాట్మండులో జరిగింది. రెండూ రైల్లోనో బస్సులోనో వెళ్లగలిగే దూరాలే. అబ్‌స్ట్రాక్టులో మొదటి రెండు వాక్యాల్లో మీ ప్రశ్న, తర్వాత మీ ఆధారం ఏమిటో (ఏ శాసనం, ఏ ఫైలు, ఎవరి ఇంటర్వ్యూ), చివర్లో మీకు తేలినది రాయండి. 'ప్రాచీన కాలం నుంచీ' అని మొదలుపెట్టకండి. ప్రయాణ ఖర్చులకు సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్ఎస్ఆర్), చరిత్ర పరిశోధన మండలి (ఐసీహెచ్ఆర్) గ్రాంట్లకు నెలల ముందే అప్లై చేయాలి.

మెయిల్‌కు వచ్చే ఆహ్వానాలన్నీ నిజం కావు. వైద్యం, ఇంజినీరింగ్, చరిత్ర అన్నీ ఒకే హోటల్లో ఒకే రోజు పెట్టి, అబ్‌స్ట్రాక్టు పంపిన మర్నాడే అంగీకారం, ఫీజు లింకు పంపితే అటు వెళ్లొద్దు. కమిటీలో పేర్లు ఎవరివో, వాళ్లు ఎక్కడ పనిచేస్తారో ఒకసారి చూస్తే విషయం తెలిసిపోతుంది.

అపోహ: ఉద్యోగాలు రావు. లేదా: ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ పెరుగుతోంది కాబట్టి ఉద్యోగాలే ఉద్యోగాలు.

రెండూ వింటుంటాను. మన దేశంలో ఈ పేరుతో ఉండే బోధనా పోస్టులు నిజంగానే తక్కువ. అందుకే చరిత్ర, రాజనీతిశాస్త్రం, భాషాశాస్త్రం వంటి మూల సబ్జెక్టులో యూజీసీ నెట్ పరీక్ష రాసి ఉంచుకోవాలి. ఇండోనేషియన్, వియత్నామీస్, థాయ్ బాగా వచ్చినవాళ్లకు అనువాదం, కంపెనీలు, మ్యూజియాలు, విధాన పరిశోధన సంస్థల్లో అవకాశాలుంటాయి, కానీ అవి మనమే వెతుక్కోవాలి. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. ఫెలోషిప్ ఎన్నేళ్లు వస్తుందో, ఆ తర్వాత ఖర్చులు ఎలాగో చేరేముందే లెక్కవేసుకోండి, ఇంట్లో వాళ్లతో కూడా కూర్చుని మాట్లాడండి.