స్టార్టయ్యాక ఎంతసేపటికి ఆగింది?

మా నాన్నగారి పాత కారు చలికాలం పొద్దున్నే ఆగిపోతుంటే ఆదిలాబాద్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. బానెట్ ఎత్తకముందే ఆయన ఒకటే మాట అడిగాడు: “స్టార్టయినంక ఎంతసేపటికి బందయితుంది సార్?” ఆ ప్రశ్నలో ఎంత భౌతికశాస్త్రం ఉందో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

పద్మిని, అంబాసిడర్, తొలి మారుతి 800 లాంటి కార్లలో ఇంజనుకు పెట్రోలు అందించేది కార్బొరేటర్. అందులో ఒక ఇరుకు గొంతు ఉంటుంది. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ లాగుడుకే సన్నని జెట్ గుండా పెట్రోలు పైకొస్తుంది. బరువు లెక్కన 1 పాలు పెట్రోలుకు దాదాపు 14.7 పాళ్లు గాలి కావాలి. అయితే మండేది పెట్రోలు ఆవిరే, ద్రవం కాదు. పెట్రోలు ఒకే పదార్థం కాదు. అందులో సుమారు 35 డిగ్రీలకే మరిగేవీ ఉంటాయి, 200 డిగ్రీల దాకా మరగనివీ ఉంటాయి. చలికి తేలికవి మాత్రమే ఆవిరవుతాయి, మిగతావి బొట్లుగా, సిలిండర్‌కు దారైన మానిఫోల్డ్ అనే గొట్టం గోడలకు అంటుకుపోతాయి. జెట్ నుంచి సరిపడా పెట్రోలు వచ్చినా సిలిండర్‌కు చేరే ఆవిరి చాలదు. అందుకే చోక్. గాలి దారి మూసి పెట్రోలును బాగా ఎక్కువగా లాగిస్తే, అందులో ఆవిరైన కొంచెంతోనైనా ఇంజను అందుకుంటుంది.

కాబట్టి రెండు మూడు క్షణాల్లో ఆగిపోతే ముందు చోక్‌నే అనుమానించాలి. ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఇంకొకరిని డాష్‌బోర్డు మీది చోక్ లాగమనండి. లోపలి రేకు పూర్తిగా మూసుకోవాలి. సగంలో ఆగితే కేబుల్ జారిందో, బిగుసుకుందో చూడాలి. ఇంజను నడుస్తుండగా చేసే పరీక్షలు మాత్రం మూసిన షెడ్డులో వద్దు. చోక్ మీద ఉన్న ఇంజను కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వదులుతుంది, ప్రాణం పోతుంది.

చోక్‌ను మళ్లీ లోపలికి తోయగానే, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచేటప్పుడు) ఆగితే కథ వేరు. ఐడిల్ జెట్ రంధ్రం వెంట్రుకంత సన్నం, చిన్న నలుసు చాలు మూసుకుపోవడానికి. లేదా మానిఫోల్డ్ గాస్కెట్ (అతుకులోని పల్చటి ప్యాకింగ్) దగ్గర గాలి చొరబడుతుండాలి. చెవి పెడితే బుస్సుమనే శబ్దం తెలుస్తుంది. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఈ ఇబ్బందిని పెంచుతుంది. ఇథనాల్ తక్కువ గాలితోనే మండుతుంది, కానీ పాత జెట్ కొలత మారదు కదా, ఇంధనానికి గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. పైగా ఇథనాల్ ఆవిరి కావాలంటే పెట్రోలు కంటే రెట్టింపు పైగా వేడి కావాలి. పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు (పల్చటి రబ్బరు పొరలు) కూడా దానికి తట్టుకోవు. నా మాట వింటే వాటిని ముందే మార్చేయండి.

మా కారు కథ ఈ రెండూ కాదు. చక్కగా స్టార్టయ్యేది, పది నిమిషాలు నడిచేది, పొగమంచులో ఊరు దాటగానే గుక్కపట్టి ఆగేది. పావుగంట ఆగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేచేది. మేస్త్రీ మర్నాడు తెల్లారకముందే మాతో వచ్చాడు. ఆగీ ఆగగానే ఫిల్టర్ విప్పి టార్చి వేశాడు. కార్బొరేటర్ ఒంటి నిండా నీటి బొట్లు. లోపల, యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ రేకు అంచున ఉప్పు రాసినట్టు తెల్లటి పొర. వేలు పెట్టి చూశాను, మంచు!

సూదిమందుకు ముందు చేతికి స్పిరిట్ రాస్తే చల్లబడుతుంది కదా, ఇదీ అదే. ఆవిరయ్యే పెట్రోలు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. గొంతులో ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోగలదు. బయట 10 డిగ్రీలే ఉంటే లోపల సున్నా కంటే దిగువే. పొగమంచు గాలిలోని తేమ రేకు మీద గడ్డకట్టి గాలి దారి మూసేస్తుంది. ఇంజను ఆగాక దాని వేడే పైకి పాకి మంచును కరిగిస్తుంది. గ్యారేజీకి చేరేసరికి ఆనవాలు కూడా మిగలదు. అనవసరంగా ప్లగ్గులు, కాయిల్ మార్పించుకునేది ఇలాంటప్పుడే.

ఇంజను పొగ బయటికెళ్లే సైలెన్సర్ మానిఫోల్డ్ దగ్గరి వేడి గాలిని ఫిల్టర్‌కు చేర్చే గొట్టం మా కారుకు ఎప్పుడో ఊడిపోయింది. మేస్త్రీ రేకు చుట్టి కొత్తది చేసి బిగించాడు, “ఎండాకాలం తీసేయుండ్రి” అన్నాడు. ఆ వారమే అదే పొగమంచులో నిర్మల్ దాకా ఎక్కడా ఆగకుండా వెళ్లాం.